మధ్యలో ఒక చిరునామా

"నువ్వే ఏదో నొక్కుంటావ్," అన్నారు మా ఆయన, నేను ఇస్త్రీ చేసిచ్చిన చొక్కాకి గుండీలు పెట్టుకుంటూ. తెరవైపు చూడనైనా లేదు.

రెండు రోజులుగా నా లాప్‌టాప్‌లో నెట్ ఉంది, అందులోని ఎమ్యులేటర్‌లో మాత్రం లేదు. ఎమ్యులేటరంటే తెరమీద కనిపించే ఉత్తుత్తి ఫోన్. మా కంపెనీ యాప్‌లు జనం చేతికి వెళ్లేముందు నడిపి చూడటం నా ఉద్యోగం. ఇన్నాళ్లూ అసలు ఫోన్లిచ్చేవారు, పోయిన వారం వెనక్కి తీసుకున్నారు, ఈ వారం నుంచి ఇదే గతి. ఒకపక్క పొయ్యిమీద పాలు, ఇంకోపక్క అత్తగారి వేణ్నీళ్లు. ఏరోప్లేన్ మోడ్ చూశాను. వైఫై ఆపి మళ్లీ పెట్టాను. ఆ ఫోన్‌లో ఉన్నదంతా చెరిపేసి మొదట్నుంచీ మొదలుపెట్టాను. ఊహూ. ఆఫీసు గ్రూపులో "తప్పు నావైపే ఉన్నట్టుంది, సారీ" అని రాశాను. ఆ ముక్క రాయడానికి నాకు ఆలోచన అక్కర్లేదు, వేళ్లకే వచ్చు.

సోమవారం మేనేజర్ మేడమ్ ఫోన్ చేసి, "టీమ్‌కి లీడ్‌గా ఉంటావా? బుధవారంలోగా చెప్పు," అన్నారు. ఉంటానని అరవాలనిపించింది. నోరు మాత్రం "ఆయన్నడిగి చెప్తాను మేడమ్" అంది. ఎనిమిదేళ్ల కిందటా ఇదే మాటన్నాను. అప్పుడాయన "ఇంటికి ఒక లీడ్ చాలదా?" అని నవ్వారు. నేనూ నవ్వాను. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. ఈసారి అడిగితే "చూద్దాంలే" అన్నారు. ఇవాళ బుధవారం.

అత్తగారికి నీళ్లు తోడిచ్చి వచ్చి, ఎమ్యులేటర్ సెట్టింగ్స్‌లో ఎప్పుడూ తెరవని పేజీ ఒకటి తెరిచాను. ప్రాక్సీ. అంటే ఈ ఫోన్ బయటికి పంపే ప్రతిదీ ముందు ఒక మధ్యవర్తి దగ్గరికి వెళ్లాలి. అక్కడ ఉన్న చిరునామా మా ఆయన పాత ఆఫీసుది. ఈ లాప్‌టాప్ ఆయన వాడి వదిలేసిందే, ఎమ్యులేటర్ కూడా అప్పుడాయన పెట్టుకున్నదే. తను కొత్తది కొనుక్కుని, "నీకిది చాల్లే," అని ఇచ్చారు. ఆయన ఆ ఆఫీసు మానేసి నాలుగేళ్లయింది. ఈ పిచ్చి ఫోన్ ఇంకా అక్కడికే వెళ్లి తలుపు కొడుతోంది.

ప్రాక్సీ తీసేశాను. ఆ ఫోన్‌లో వెబ్ పేజీ టక్కున తెరుచుకుంది. ఆ ఊపులోనే మేడమ్‌కి ఫోన్ చేశాను. "నెట్ వచ్చింది మేడమ్. లీడ్‌గా నేనుంటాను."

"అదేంటమ్మా! నిన్న ఫోన్ చేస్తే మీవారెత్తారు. నువ్వు మీ అత్తగారికి స్నానం చేయిస్తున్నావన్నారు. ఇంటిపనితో నీకు కుదరదని ఆయనే చెప్పారే! ఆ పని వేరేవాళ్లకి ఇచ్చేశాం."

ఆయనమీద కోపం వచ్చింది. దానికంటే ముందు నామీద నాకే ఏడుపొచ్చింది. ఆయన్నడగాలి, ఆయన్నడగాలి అని అందరికీ ఆ దారి చూపించింది నేనేగా. ఎనిమిదేళ్లు. నా నోటితో నేనే.

"మేడమ్, ఇకమీదట నా సంగతి నన్నే అడగండి. ఆయనేం చెప్పినా అది నా జవాబు కాదు," అన్నాను.

పొయ్యిమీద పాలు పొంగి మాడు వాసన వస్తోంది. లేవలేదు. ఆయన గుమ్మం దగ్గర బూట్లు తొడుక్కుంటూ, "వచ్చిందా నెట్? చెప్పానా, నువ్వే ఏదో నొక్కావని!" అన్నారు.

"మధ్యలో మీరున్నారండీ," అన్నాను. "తీసేశాను."