కడుపునొప్పి పరీక్ష

మైలవరం ఆసుపత్రిలో ఉద్యోగంలో చేరిన మొదటిరోజే వెంకటకృష్ణారావు పరువు పోయింది. బంగారు పతకంతో పాసైన డాక్టరు. కడుపు పట్టుకుని వచ్చిన రైతును, "నొప్పి ఎపిగాస్ట్రియంలోనా, ఇలియాక్ ఫోసాలోనా?" అని అడిగాడు. రైతు అతన్ని ఎగాదిగా చూసి, "పెద్ద డాక్టరుగారు ఎప్పుడొస్తారు బాబూ?" అన్నాడు.

అన్నేళ్లు చదివించారు గానీ మనిషితో మాట్లాడటం ఒక్కరూ నేర్పలేదే అని ఉడుక్కున్నాడు వెంకటకృష్ణారావు. తల నెరిసినా ఆ ఉడుకు చల్లారలేదు. విజయవాడ శివార్లలోని ఒక వైద్య కళాశాలకు ప్రిన్సిపాల్ కాగానే కొత్త పరీక్ష పెట్టాడు. నటులు రోగుల్లా మంచాలమీద పడుకుంటారు. విద్యార్థి వాళ్లతో మాట్లాడి జబ్బేమిటో రాబట్టాలి. మాటతీరుకే సగం మార్కులు.

"కత్తి పట్టడం నేర్పమంటే కబుర్లు నేర్పుతారటండీ!" అని స్టాఫ్ రూమంతా దద్దరిల్లేలా నవ్వారు సర్జరీ ప్రొఫెసర్ అబ్రహాముగారు.

రిహార్సల్ ఆయన నోటికి ఇంకా పని కల్పించింది. భవానీపురం నుంచి వచ్చిన మాణిక్యమ్మ పౌరాణిక నాటకాల్లో పండిపోయిన మనిషి. కాస్త మూలగమంటే రాగం తీసింది, పొర్లింది, కళ్లు తేలేసి చచ్చిపోయింది. కంగారుపడ్డ విద్యార్థి ఒకడు గుండెమీద రెండు చేతులూ పెట్టి నొక్కబోయాడు. శవం చటుక్కున లేచి కూర్చుంది.

"ఎముకలు విరగ్గొడతావా నాయనా? ఇంకా ఒక పద్యం మిగిలుంది!"

పరీక్షనాడు ఆవిడ ఫోన్ చేసింది. కొండపల్లిలో నాటకం ఉన్న సంగతే మర్చిపోయిందట. విశ్వవిద్యాలయం పంపిన పరీక్షకులు వచ్చి కూర్చున్నారు. మంచం ఖాళీ. వెంకటకృష్ణారావు గదంతా కలియజూశాడు. ఎదురుగా అబ్రహాముగారు మీసాల చాటున నవ్వుతున్నారు.

"అబ్రహాముగారూ, మీరే పడుకోండి. కడుపునొప్పి అనాలి, అంతే. ఈ పద్ధతిలో తప్పులన్నీ మీకు దగ్గర్నుంచి కనపడతాయి కూడా."

ఆ చివరిమాటకు పడిపోయారు అబ్రహాముగారు. బూట్లు విప్పి పడుకుని, దుప్పటి మెడదాకా లాక్కున్నారు.

శ్రీదుర్గ అనే విద్యార్థిని లోపలికొచ్చింది. మంచంమీద ఉన్నది ఎవరో చూసి గుమ్మం దగ్గరే ఆగింది. అయినా స్టూలు లాక్కుని కూర్చుంది.

"నమస్కారమండీ బాబాయ్‌గారూ. ఎలా ఉంది ఒంట్లో?"

"కడుపునొప్పి."

"అయ్యో. రాత్రిళ్లు నిద్రైనా పడుతోందాండీ?"

ఆ మాట ఎంత మెత్తగా అడిగిందో, అబ్రహాముగారు తన వేషం సంగతే మర్చిపోయారు.

"ఎక్కడమ్మా! అరికాళ్లు ఒకటే మంటలు. దానికి తోడు గంటకోసారి లేవాలి."

"దాహం ఎక్కువగా ఉంటోందా?"

"బిందెలు ఖాళీ చేస్తున్నాననుకో."

"షుగర్ చూపించుకున్నారా?"

"చూపించుకుంటే మా ఆవిడ పూతరేకులు బీరువాలో పెట్టి తాళం వెయ్యదూ?"

తానేమన్నారో అబ్రహాముగారికి అప్పుడు అర్థమై దుప్పటి ముక్కుదాకా లాక్కున్నారు. శ్రీదుర్గ నవ్వలేదు. "భయపడకండి, ఇప్పుడే పరీక్ష చేయిద్దాం. ఇంట్లో ఎలా చెప్పాలో తర్వాత ఆలోచిద్దాం" అంది. పరీక్షకుల్లో పెద్దాయన ఒకరు మాత్రం కళ్లజోడు తుడుచుకునే మిషతో తల దించుకుని భుజాలు కదిలేలా నవ్వారు.

రక్తపరీక్షలో చక్కెర మూడొందలు దాటింది. అబ్రహాముగారు ప్రిన్సిపాల్ గదికొచ్చి రిపోర్టు బల్లమీద పెట్టారు.

"ఇన్ని నెలలూ నాతో నలుగురు డాక్టర్లు రోజూ టీ తాగారండీ. ఒక్కరూ అడగలేదు. నేనూ చెప్పలేదనుకోండి." రిపోర్టు మళ్లీ చేతిలోకి తీసుకుని, "ఆ పిల్లకి మార్కులు తగ్గించకండి. కడుపునొప్పి సంగతి మర్చిపోయింది నేను" అన్నారు.

ఆ ఏడాదే పరీక్ష ఖాయమైంది. రోగి వేషానికి అబ్రహాముగారే ముందు పేరిచ్చేవారు.

ఓరోజు ఆయన భార్య రాజ్యశ్రీగారు వెంకటకృష్ణారావుకు ఫోన్ చేశారు. "మీకు పుణ్యముంటుందండీ, షుగర్ దారికొచ్చింది. కానీ ఇంట్లో ఈయనతో వేగలేకపోతున్నాను. 'మందులేసుకున్నారా' అంటే పలకరు. స్టూలు లాక్కుని, పక్కన కూర్చుని, 'ఎలా ఉంది బాబాయ్‌గారూ' అని మొదలెట్టాలట!"