కోవల్చిక్ రెండో చొక్కా ముక్క

వేట మొదలు కావడానికి ఇంకా మూడు వారాలు ఉండగానే వెండెల్ కోవల్చిక్‌కి తల బొప్పి కట్టింది. పన్నెండేళ్ళ కూతురు టెస్సాకి మొదటి రైఫిలు కొనాలి, అంతే. ఆ సంగతి తెలియనివాడు ఊళ్ళో లేడు, సలహా ఇవ్వనివాడూ లేడు. క్షవరానికి వెళ్తే మంగలి ఒక తుపాకీ పేరు చెప్పాడు. ఆదివారం చర్చి మెట్ల మీద ఫాదర్ ఇంకోటి చెప్పాడు. స్కూలు బస్సు నడిపే ఆవిడైతే నడిరోడ్డు మీద బస్సు ఆపి, వెనక కార్లు హారన్లు కొడుతున్నా, తన కొడుకు తుపాకీ చరిత్రంతా వినిపించింది.

వెండెల్‌కి కావలసింది ఒకటే, తేలికగా ఉండాలి. తనకి పన్నెండేళ్ళప్పుడు తండ్రి తన బరువైన పాత రైఫిలే చేతికిచ్చాడు. కొండెక్కేసరికి చేతులు పడిపోయాయి. ఎదురుగా జింక నిలబడితే తుపాకీ ఎత్తి పట్టలేక ఏదో చెట్టుని కొట్టాడు. కొండ మీద వాళ్ళు దిగే వేట గుడిసెలో ఒక రివాజు ఉంది. గురి తప్పినవాడి చొక్కా వెనక కొస కత్తిరించి, పేరూ సంవత్సరమూ రాసి గోడకి మేకు కొడతారు. వెండెల్ నీలి గళ్ళ ముక్క ఇప్పటికీ పొయ్యి పక్కన వేలాడుతోంది. అందరూ నవ్వుతుంటే అతను పక్క మీద గోడవైపు తిరిగి ఏడ్చాడు. తరవాత ఆరేళ్ళు ఆ కొండ మొహం చూడలేదు.

టెస్సా అయిదో ఏటి నుంచీ "నేనెప్పుడొస్తాను నాన్నా" అని చెవినిల్లు కట్టుకుని పోరిన పిల్ల. మొదటిసారే మనసు విరిగితే అది కూడా ఇక రాదు. ఆ భయంతోనే వెండెల్ శనివారం కూతుర్ని తీసుకుని డెలోరిస్ కొట్టుకి వెళ్ళాడు. తమ్ముడు రస్ పిలవకుండానే బండెక్కాడు.

డెలోరిస్‌కి డెబ్బై దాటాయి. తుపాకులు అమ్మడమే కాదు, విప్పి బాగు చేయడమూ ఆవిడ పనే. టెస్సా చేతి పొడుగు చూసి, లోపల్నుంచి ఒక వాడిన రైఫిలు తెచ్చి బల్ల మీద పెట్టింది. భుజానికి ఆనే మడమ పొట్టిది, తూటా సన్నది, కొంచెం బరువుంది. టెస్సా దాన్ని భుజానికి ఆనించి, బుగ్గ వాల్చి చూసింది.

"ఇది బావుంది నాన్నా."

"బరువు కదమ్మా."

"ఏం కాదు, మోయగలను."

రస్ పక్కున నవ్వాడు. "ఆ సన్న తూటాతోనా? అన్నయ్యా, పిల్లని జింకల వేటకి తీసుకెళ్తున్నావా, ఉడతల వేటకా?"

వెండెల్‌కి ఒళ్ళు మండింది. చెక్క బీరువాలోంచి మరో రైఫిలు అందుకున్నాడు. చీపురుకట్టంత తేలిక. తూటా మాత్రం పెద్దవాళ్ళు వాడేదే. తమ్ముడి నోరూ మూతపడుతుంది, పిల్ల చేతులూ పడిపోవు.

"ఇదిగో, ఇదీ కావలసింది!"

డెలోరిస్ కళ్ళద్దాల మీంచి చూసింది. "తుపాకీ ఎంత తేలికైతే అంత గట్టిగా భుజాన్ని తంతుంది వెండెల్. దెబ్బని మింగేది ఆ బరువే."

"కొండెక్కేది పిల్ల, డెలోరిస్."

"పేల్చేది కూడా పిల్లే."

"ఇన్నాళ్ళుగా వింటూనే ఉన్నాను. ఇక చాలు, కట్టేయండి."

టెస్సా ఆ వాడిన రైఫిలుని మెల్లిగా బల్ల మీద పెట్టేసింది. అది డెలోరిస్ ఒక్కతే చూసింది.

మర్నాడు ఊరి బయట కంకర గుంటలో మూడు తూటాలు పేల్పించాడు. ఒక్కటీ గురిగా పెట్టిన డబ్బాకి తగల్లేదు. "ఎలా ఉంది?" అంటే "బావుంది" అంది టెస్సా, మొహం పాలిపోయి. అనుమానం వచ్చి తను పేల్చాడు. డబ్బా ఎగిరిపడింది. తుపాకీలో లోపం లేదు, మరి ఈ పిల్లకేమైంది? "కళ్ళు తెరువు! కుదపకు! మెల్లిగా నొక్కమంటుంటే!" అని అరిచాడు. తరవాతి ఆదివారాలూ ఇదే తంతు. అరిచి ఇంటికొచ్చాక తనని తనే తిట్టుకునేవాడు, మళ్ళీ వారం మళ్ళీ అరిచేవాడు.

వేట మొదటిరోజు పొద్దున్నే, అరవై అడుగుల దూరంలో కొమ్ముల జింక పొదల్లోంచి బయటికి వచ్చి నిలబడింది. టెస్సా తుపాకీ ఎత్తింది. చేతులు వణకలేదు. వెండెల్ గుండె ఉప్పొంగింది. అప్పుడు చూశాడు, ట్రిగ్గరు నొక్కబోతూ పిల్ల రెండు కళ్ళూ మూసుకుని, సూది మందుకి తిప్పినట్టు మొహం పక్కకి తిప్పేసింది. తుపాకీ పేలింది. జింక తెల్ల తోక ఎగరేసుకుని పోయింది.

"అరవై అడుగులు! ఎలా తప్పుతుంది?" అనేశాడు. టెస్సా తుపాకీ దించి గుడిసె దారి పట్టింది.

గుడిసెలో మధ్యాహ్నం భోజనానికి సాసేజీలూ పులిసిన క్యాబేజీ ఉడుకుతున్నాయి. పొయ్యి దగ్గర వెండెల్ తండ్రి కాజిమిర్ కూర్చున్నాడు. రస్ అప్పుడే కత్తెర ఆడిస్తున్నాడు. "రా అమ్మాయీ, గోడ ఎదురుచూస్తోంది!"

టెస్సా కోటు విప్పింది. స్వెటరు లాగేటప్పుడు చొక్కా కాలరు జారింది. భుజమంతా కమిలిపోయి ఉంది. మధ్యలో నీలం, అంచుల్లో పసుపు. పసుపంటే పాత దెబ్బ.

"ఇదెప్పట్నించి?" అన్నాడు వెండెల్.

"కంకర గుంట రోజు నుంచి. నువ్వంత ముచ్చటపడి కొన్నావు కదా అని చెప్పలేదు. ట్రిగ్గరు మీద వేలు పెడితే చాలు, కళ్ళు వాటంతటవే మూసుకుపోతున్నాయి." గొంతు తగ్గించింది. "వచ్చే ఏడు నేను రాను నాన్నా."

వెండెల్‌కి సిగ్గేసింది. పిల్లకి ఏది జరక్కూడదనుకున్నాడో అదే తన చేత్తో చేసిపెట్టాడు. కొట్లో ఆ వాడిన రైఫిలు బావుందని అది చెప్పింది కదా. ఊరందరి మాటా విన్నాడు, దాని మాట తప్ప.

రస్ కత్తెరతో దగ్గరికి వచ్చాడు.

"ఆగరా." వెండెల్ తన చొక్కా పైకి లాగాడు. "నాది కొయ్యండి."

"నువ్వెక్కడ పేల్చావన్నయ్యా?"

"డెలోరిస్ కొట్లో. రైఫిలు బల్ల మీద, పిల్ల పక్కన. అంత దగ్గర్నుంచి ఇక్కడెవడూ గురి తప్పలేదు."

ఎవరూ నవ్వలేదు. కాజిమిర్ కాసేపు మనవరాలి భుజం వంక చూశాడు, తరవాత గోడమీది నీలి గళ్ళ ముక్క వంక. "ఆ రోజు నాది కోయాల్సింది," అన్నాడు. రస్ చేతిలోంచి కత్తెర తీసుకుని టెస్సాకిచ్చాడు.

టెస్సా ముందు కొంచెమే కత్తిరించింది. తరవాత ఇంకొంచెం. నడుము దాకా కత్తెర వచ్చేసరికి వెండెల్ "అమ్మా, చలికాలం!" అన్నాడు, అప్పుడు నవ్వారందరూ. ముక్కని పాత ముక్క పక్కనే మేకు కొట్టింది. పేరూ సంవత్సరమూ రాసింది.

"సోమవారం పొద్దున్నే డెలోరిస్ కొట్టుకి వెళ్దాం," అన్నాడు వెండెల్. "ఆ వాడిన రైఫిలు ఇంకా అమ్ముడుపోకుండా ఉంటే."

టెస్సా మేకు మీద ఇంకో దెబ్బ వేసింది. "నేనే ఎంచుకుంటాను," అంది.

"నువ్వే."

రస్ ఏదో అనబోయాడు. టెస్సా అతని చొక్కా వైపు కత్తెర ఆడించింది. అతను నోరు మూసుకుని, టెస్సాగారికి ముందుగా సాసేజీలు వడ్డించాడు.