మాటీ కట్టిన చెవిమిషను

మూడేళ్ళుగా సుమిత చేస్తున్న పని ఒక్కటే, వస్తువును కనబడకుండా చేయడం. వేలూరులో చెవిమిషన్లు తయారుచేసే ఒక చిన్న కంపెనీలో ఆమె డిజైనరు. పేరుకు డిజైనరే గానీ, పైవాళ్ళు అడిగేదల్లా ఇంకాస్త చిన్నది, ఇంకాస్త చర్మం రంగుది, చెవి వెనక ఉన్నట్టే తెలియనిది. చేతి గడియారానికీ, పాటలు వినే ఇయర్‌ఫోనుకూ నానా సింగారాలూ చేస్తారు. వినబడని మనిషి పెట్టుకునేదాన్ని మాత్రం దొంగసొత్తులాగా దాచాలట! ఇదేం న్యాయమని అడిగీ అడిగీ ఆమెకు విసుగొచ్చింది. ఇప్పుడు అడగడం కూడా మానేసింది.

అలా దాచిపెట్టే మిషన్లు మూడు గుడియాత్తంలో ఆమె మేనత్త వాసవాంబ బీరువాలో గుడ్డలో చుట్టి పడున్నాయి. బజారువీధిలో నలభై ఏళ్ళు లుంగీల అంగడి నడిపిన మనిషి వాసవాంబ. ఆరేళ్ళ కిందట చెవులు మందగించడం మొదలైంది. బేరమాడేవాళ్ళ మాట అందక, నలుగురిలో నవ్వులపాలవడం ఇష్టం లేక, పోయిన ఏడు ఇంట్లో కూర్చుండిపోయింది. ఆడి నెల, అంటే ఆషాఢం, దాటేలోగా అమ్మ మళ్ళీ అంగట్లో కూర్చోకపోతే దాన్ని ఫోను కవర్లు అమ్మేవాళ్ళకు ఇచ్చేస్తానని కొడుకు విమల్ తేల్చి చెప్పేశాడు. అతన్ని అనడానికీ లేదు, జోలార్పేటలో రైల్వే ఉద్యోగం వదులుకొచ్చి లుంగీలు మడతపెడతాడా?

"ఈ మాంసం రంగు దాన్ని తగిలించుకుంటే చెవిటిదాన్నని బోర్డు కట్టుకున్నట్లే గదా అమ్మణ్ణీ" అనేది వాసవాంబ, ఎంత బతిమాలినా.

ఆ ఇంటి గోడమీద అత్త పెళ్ళిఫొటో ఉంది. చెవి కమ్మ నుంచి జడలోకి సన్నటి గొలుసులు, మాటీలు కట్టుకుని దర్జాగా చూస్తోంది. ఒక ఆదివారం దాన్ని చూస్తూ కూర్చున్న సుమితకు బుర్రలో ఏదో తట్టింది. దాచడమెందుకు? చూపిస్తే పోలా?

మామిడిపిందె ఆకారంలో తొడుగు, లోపల మిషను, పైన ఎర్రరాళ్ళు, జారిపోకుండా మాటీ. బొమ్మ గీసి కంపెనీలో చూపిస్తే, నగల అంగడి పెట్టుకోమని నవ్వారు. సరేలెమ్మని గుడియాత్తంలోనే నగలు చేసే నాగప్ప ఆచారిని పట్టుకుంది. వారమంతా ఉద్యోగం, ఆదివారం బస్సు, ఆచారి కొలిమి ముందు పీట. ఒకసారి పిందె లావైంది, ఒకసారి బరువైంది. ఐదో ఆదివారానికి పని కుదిరింది. వెండి మీద బంగారు పూత, చూస్తే కళ్ళు తిప్పుకోలేం!

అత్త అద్దంలో అటు తిరిగి చూసుకుంది, ఇటు తిరిగి చూసుకుంది. "వినబడతా ఉండాదా అత్తా?" అని సుమిత గట్టిగా అడిగితే నవ్వుతూ తలూపింది. సుమిత నమ్మేసింది. చేసే పనే అది, వెనక నిలబడి పరీక్షించాలని తెలియదా? తెలుసు. కానీ ఒళ్ళంతా హూనమై, ఆఖరి బస్సు మీద ధ్యాసతో ఉంది.

మర్నాడే వాసవాంబ అంగడికి వెళ్ళింది. వీధంతా చూడ్డానికొచ్చింది. "రొంబ అళగా ఉండాదే, ఎంత బాగుండాదో, యాడ చేయించినావు వాసవాంబా!" అని ఆడవాళ్ళు చెవి పట్టుకుని మరీ చూశారు.

పదిరోజుల తర్వాత సుమిత అంగడికొచ్చింది. అత్త వెనకే లుంగీల కట్టమీద కూలబడి, "అత్తా, కొంచెం నీళ్ళు" అంది. అత్త తిరగలేదు. మళ్ళీ పిలిచింది. ఊహూఁ. సుమిత లేచి అత్త చెవి దగ్గరకెళ్ళి చూసింది. శబ్దం లోపలికెళ్ళడానికి పిందె అంచున తాను గీసిన రెండు బెజ్జాలూ లేవు. నున్నగా పూడ్చి, మెరుగు కూడా పెట్టేశాడు ఆచారి మహానుభావుడు!

"ఇన్ని దినాలూ వినబడలేదా?" అని అరిచింది.

వాసవాంబ తల దించుకుంది. "నువ్వు ఎన్నిసార్లు బస్సెక్కి వచ్చినావో నాకు తెల్దా? వినబడలేదని యా నోటితో చెప్పేది? అయినా దీన్ని చూసేదానికి అందరూ దగ్గిరికొచ్చి, నా మొగం చూసి నిదానంగా మాట్లాడతా ఉండారు. పెదాలు చూసి సగం తెలుసుకుంటా ఉండా. అది చాలనుకుంటి."

సుమితకు కోపం రావాలి, రాలేదు. దాన్ని విప్పి పట్టుకుని ఆచారి దగ్గరికి నడిచింది.

"బెజ్జం వదిలేస్తే పనిలో తప్పుండాదని ఊరంతా నవ్వుతారు పాపా" అన్నాడు నాగప్ప. "మా నాయన కాలం నుంచీ, బెజ్జం కనబడితే పూడ్చిందాకా నిద్రపోము. నువ్వు గీసినప్పుడు యాదో చుక్కలనుకుంటి." సంగతి వినేసరికి పెద్దాయన మొహం చిన్నబోయింది. సన్నటి సూదితో రెండు బెజ్జాలూ తెరిచాడు. అంతటితో ఊరుకుంటే ఆచారి ఎందుకవుతాడు? ఎవరూ తప్పనుకోకుండా వాటి చుట్టూ ఆవగింజలంత గుండ్లు వరసగా అతికించాడు. బెజ్జాలే నగకు అందమయ్యాయి. మూడేళ్ళలో తనకు తట్టని పని అది. సుమిత ఆయనకు చేతులెత్తి దండం పెట్టింది.

అంగడికి తిరిగొచ్చేసరికి ఒకాయన లుంగీలు చూస్తున్నాడు. సుమిత అత్త చెవికి పిందె తగిలించి, మాటీ జడలో గుచ్చింది. వెనక్కెళ్ళి నిలబడింది. అరవకుండా, మామూలు గొంతుతో అడిగింది. "అత్తా, వినబడతా ఉండాదా?"

వాసవాంబ గిరుక్కున తిరిగింది.

"వినబడతా ఉండాది" అంది. "ఏమ్మా, నీ గొంతు ఇంత అలిసిపోయిండాదే! ఎప్పట్నుంచి?"

అరిచే గొంతులో అలసట ఎవరికి తెలుస్తుంది? సుమితకే తెలియలేదు. ఏమీ లేదత్తా అనబోయింది. లుంగీల కట్టమీద కూర్చుని చిన్నపిల్లలాగా ఏడ్చేసింది.

"ఇది ఎంతమ్మా?" అని అడుగుతున్నాడు అవతలాయన, లుంగీ ఎత్తి పట్టుకుని.

"కొంచెం నిలబడప్పా" అంది వాసవాంబ, మేనకోడలి పక్కన కూర్చుంటూ. "మా పాప మాట్లాడబోతా ఉండాది. వినల్ల."