లొట్టి లోపలి సున్నం

నేను ఒక కల్లు లొట్టిని. మట్టికుండే కదా అని తీసిపారేయకండి. పన్నెండేళ్లు తాటిచెట్ల మీద, మీ అపార్ట్‌మెంట్ల నాలుగో అంతస్తు ఎత్తున కాపురం చేశాను. అక్కడి నుంచి మనుషులు ఎంత చిన్నగా కనిపిస్తారో నాకు తెలుసు. అందుకే నాకు కాస్త పొగరు.

నన్ను చేసింది మోత్కూరు పక్క ఊళ్లో కుమ్మరి సాయిలు. కొన్నది చెట్లు గీసే పర్శరాములు గౌడ్. కొనేముందు నన్ను చెవి దగ్గర పెట్టుకుని వేలితో నాలుగుసార్లు కొట్టి, పెళ్లిచూపుల్లో కూడా ఇంతసేపు చూసి ఉండడు, చివరికి నా మెడకు తాటినార తాడు కట్టాడు.

నా పనేమిటో చెబుతాను. చెట్టు నుంచి చుక్కలుగా రాలేది ఉత్త తియ్యటి నీరు. అది కల్లయ్యేది నా కడుపులోనే. లోపల అంటుకుని ఉండే పాత మడ్డి దాన్ని పులియబెడుతుంది. నురగ పొంగి మెడ మీదుగా కారి తాడులో ఇంకుతుంది. అందుకే పర్శరాములు నన్ను నీళ్లతో కడిగేవాడే తప్ప ఏనాడూ తోమలేదు. పిల్లలకో, మర్యాద చేయాల్సిన చుట్టాలకో తియ్యటి నీరా కావాలంటే మాత్రం వేరే లొట్టికి లోపల సున్నం పూసి కడతారు. సున్నం ఉన్నచోట ఏదీ పులవదు. కల్లు లొట్టికీ సున్నం లొట్టికీ పొత్తు లేదు.

వినీల అనే అమ్మాయి మా ఊరికి వచ్చేదాకా నా రోజులు ఇలాగే గడిచాయి. గచ్చిబౌలిలో బీరు కాచి అమ్మే హోటల్లో ఆ కాచే పని ఈమెదే. జొన్నలతో మన నేల బీరు చేయాలని ఆమె పట్టుదల. ప్యాకెట్లో అమ్మే ఈస్టు వేసి రెండుసార్లు చేసింది, రెండుసార్లూ అందరి బీరులాగే వచ్చింది. మా కల్లు తాగి చూశాక, దీన్ని పులియబెట్టే మడ్డే తన జొన్నబీరునూ పులియబెట్టాలని నిశ్చయించుకుంది. పర్శరాములు ఆ పిల్ల మాట కాదనలేక నన్నే ఇస్తానన్నాడు. శుక్రవారం తానే వచ్చి ఎలా పొంగిందో చూస్తానని కూడా చెప్పాడు.

తెల్లారి ఆయన చెట్టు మీద ఉండగా, ఆయన భార్య అండాలమ్మ నన్ను చేతిలోకి తీసుకుంది. లోపలికి తొంగిచూసి ముక్కు మూసుకుంది.

"అయ్యో, పట్నం పిల్లకు గిసొంటి పులిసిన కుండ ఇస్తరా? నలుగుట్ల మన ఇజ్జత్ ఏంగావాలె?" అని బూడిదతో, కొబ్బరిపీచుతో నన్ను బరబరా తోమింది. ఎండలో ఆరబెట్టి లోపలంతా సున్నం పూసింది. పైన కొత్త గుడ్డ కట్టింది. ఎంత ప్రేమగా పూసిందని! నాకేమో ఊపిరాడలేదు. పన్నెండేళ్ల నా సంపాదన ఒక్క పూటలో పోయింది. అరుద్దామంటే నోరైతే పెద్దదే, మాటే లేదు.

బుధవారం నగరంలో వినీల గుడ్డ విప్పింది. లోపల తెల్లటి పొర చూసి ముఖం వెలిగిపోయింది. "మడ్డి ఎంత బాగా ఎండిందో!" అంది. తల్లీ, అది సున్నమే! జొన్నలు మొలకెత్తించి, ఉడికించి, వడకట్టిన తియ్యటి నీళ్లు ఒక ట్యాంకు నిండా ఉన్నాయి. ఆ నీళ్లు కొన్ని నాలో పోసింది. ముందు నాలో నురగ లేవాలి, తర్వాత ఆ నురగను ట్యాంకులో కలపాలి. అదీ ఆమె లెక్క.

గురువారం నురగ లేదు. శుక్రవారం పొద్దున్నా లేదు. గంటకోసారి వచ్చి నాలోకి చూసేది. అన్నం కూడా నా పక్కనే నిలబడి తినేది. పదకొండింటికి హోటల్ యజమాని కిషన్‌రావు వచ్చాడు.

"రెండుసార్లు ఊరుకున్నానమ్మా. రేపు మధ్యాహ్నం పన్నెండు వరకు చూస్తా. నురగ రాకపోతే ట్యాంకు కడిగించి మామూలు గోధుమ బీరు పెట్టిస్తా. నువ్వింకో పని చూసుకోవాల్సి ఉంటుంది."

ఆయన వెళ్లాక వినీల నా అంచు పట్టుకుని నిలబడింది. గడియారం వైపు చూసి, మళ్లీ నాలోకి చూసింది. నాకు ఏడుపొచ్చింది. పొగరంతా దిగిపోయింది.

రెండింటికి పర్శరాములు వచ్చాడు, కొత్త తలపాగా చుట్టుకుని, పెళ్లికి వచ్చినట్టు. వినీల ముఖం చూసి నవ్వు ఆపేశాడు. నాలో వేలు ముంచి నాలుకకు రాసుకున్నాడు. మళ్లీ రాసుకున్నాడు.

"సున్నం," అన్నాడు. "మా అండాలు పని బిడ్డా. నీకు మర్యాద చేసింది."

"మరి ఇప్పుడెట్లా మామా? ఇంకో లొట్టి తెచ్చే టైం లేదు."

ఆయన నన్ను నాలుగువైపులా తిప్పి చూశాడు. చూపు మెడ దగ్గర ఆగింది. అండాలమ్మ లోపలంతా తోమింది గానీ తాడు జోలికి పోలేదు. పన్నెండేళ్ల నురగ అందులో ఇంకి, ఎండి, నల్లగా గడ్డకట్టి ఉంది. పర్శరాములు చెట్లు గీసే గీతకత్తి కోసం నడుము తడుముకున్నాడు. అలవాటు కదా, పట్నంలో ఎక్కడిది? వంటింటి చాకుతో తాడు కోశాడు. నాకు నొప్పి తెలియలేదు. మెడ మాత్రం తేలికైపోయింది.

గాజుసీసాలో తియ్యటి నీళ్లు పోసి తాడు వేశారు. ఇక కాచుకోవడమే. శనివారం ఎనిమిదింటికి ఏమీ లేదు. పదింటికీ లేదు. పర్శరాములు సీసాను తన తలపాగాలో చుట్టి ఒళ్లో పెట్టుకున్నాడు, చలికి వణికే పసిబిడ్డను పట్టుకున్నట్టు. పదకొండున్నరకు కిషన్‌రావు ట్యాంకు కడిగే మనిషిని వెంటబెట్టుకుని మరీ వచ్చాడు. వినీల గడియారం వైపు చూడటం మానేసింది.

"బిడ్డా," అన్నాడు పర్శరాములు మెల్లగా. "గిది సూడు."

తాడు పక్క నుంచి ఒక బుడగ. ఇంకోటి. తర్వాత వరసగా. కిషన్‌రావు కళ్లద్దాలు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకుని వంగి చూశాడు. వెంట వచ్చిన మనిషిని వెనక్కి పంపించేశాడు.

మూడు వారాల తర్వాత, ఒక మధ్యాహ్నం, జొన్నరొట్టె, నాటుకోడి కూరతో ఆ బీరు మొదటిసారి బల్లల మీదికి వచ్చింది. నన్ను అద్దాల అలమరలో నిలబెట్టారు. జనం నాతో ఫోటోలు దిగుతున్నారు, చెట్టెక్కింది తామే అయినట్టు. తాడు లేదు కాబట్టి ఇక నాకు చెట్టు లేదు. ఆ దిగులు ఉంది, లేదనను.

అండాలమ్మ కూడా పట్టుచీర కట్టుకుని వచ్చింది. బయల్దేరేముందే పర్శరాములు వినీలకు ఫోన్ చేసి, "ఆ సున్నం ముచ్చట ఆమెకు ఎరుక చెయ్యకు బిడ్డా, తల కొట్టుకుంటది" అని బతిమాలుకున్నాడట. అండాలమ్మ ఒక గుక్క తాగి మూతి ముడిచింది. ఇంకో గుక్క తాగింది. తర్వాత తిన్నగా అలమర దగ్గరికి వచ్చి, తలుపు తీయించి నాలోకి తొంగిచూసింది. సున్నం ఇంకా అలాగే ఉంది.

"సూసినవా బిడ్డా!" అంది వినీలతో, ఆనందం పట్టలేక. "నేను మంచిగ తోమి సున్నం పుయ్యబట్కె గింత మంచిగ అయ్యింది. గీయన ఉత్తగనే ఇద్దామన్నడు!"

పర్శరాములు రొట్టె తుంచుకుంటూ తల దించుకున్నాడు. వినీల ఆమె చేయి పట్టుకుని, "అవునత్తా, నీ చేతి చలవే," అంది.

అప్పుడు మూడు రోజులు మాట లేదని కుమిలిపోయాను. ఆ మధ్యాహ్నం మాత్రం, ఒకవేళ మాటే వచ్చినా, నేనూ అదే చెప్పేదాన్ని.