కుడికాలి కంగారు

నేను ఒక కుడికాలి చెప్పును. విజయనగరం బజారులో తోలు కోసి, కుట్టి, నన్నూ నా జతనూ ఒకే మేకుకు వేలాడదీశారు. మమ్మల్ని కొన్నవాడు సన్యాసినాయుడు, బడిపిల్లల వ్యాను డ్రైవరు. ఎడమది క్లచ్చి మీద, నేను బ్రేకు మీద. అంటే ఆ పిల్లల ప్రాణాలకు నేనూ కొంత పూచీ అన్నమాట. ఆ గొప్ప కొన్నాళ్లు బాగానే అనుభవించాను.

మొదటిసారి నేను జారిపోయింది కూరగాయల బజారు దగ్గర. చెప్పు జారితే ఎవరైనా ఆగి కాలు దూర్చుకుంటారు. నాయుడు ఆగలేదు. ఒంటి చెప్పుతోనే ఇంటికి చక్కా పోయాడు. వెనక వస్తున్న అతని భార్య పైడితల్లి నన్ను తీసి సంచిలో వేసుకుంది.

"ఏటి మావా, తాగొచ్చేవా?" అంది ఇంటికెళ్లాక.

"తాగడమేటే! ఈ సెప్పు లూజైపోనాది."

తప్పంతా నా నెత్తిన పడింది. మనుషులకు ఒంట్లో ఏం చెడినా ముందు తిట్లు తినేది కాళ్ల కింద ఉన్నవాళ్లే. పట్టీ బిగించారు. మళ్లీ జారాను. మడమ వెనక ఇంకో పట్టీ కుట్టించారు. ఈసారి జారలేదు, ఒరుసుకుని పుండు చేశాను. నా తోలుకు తడి తగిలింది, అతనికి మాత్రం నొప్పి తెలియలేదు. అప్పుడు నా గుండె ఝల్లుమంది. చెప్పుకి గుండేమిటని నవ్వకండి, అంత భయం వేస్తే పుట్టుకొస్తుంది.

అది మొదలు ప్రతి ఉదయమూ గండమే. వెనక పిల్లలు పాటలు పాడుతుంటారు. ముందు నాయుడు బ్రేకు తొక్కాననుకుంటాడు, నేను దాని అంచున వేలాడుతుంటాను. కళ్లు మూసుకుని మొహం కడుక్కుంటే తూలిపోతాడు. "దూది మీద నడిసినట్టుంటాది" అని తనలో తనే గొణుక్కుంటాడు. పెళ్లాంతో అనడు, పని పోతుందని భయం.

పైడితల్లి కంట్లో ఆ పుండు పడింది. ఆ సాయంత్రమే మొగుణ్ణి నరాల డాక్టరమ్మ దగ్గరకు లాక్కెళ్లింది. మమ్మల్ని గుమ్మం బయట విడిచారు. తెర సందులోంచి నాకంతా కనిపిస్తూనే ఉంది.

"చెప్పు జారుతుంటే మీకు తెలుస్తోందా, తెలియకుండానే పోతోందా?" డాక్టరమ్మ అడిగింది.

నన్ను తిట్టకుండా నా సంగతి అడిగిన మొదటి మనిషి ఆవిడే. నాయుడు పెళ్లాం వంక ఓసారి చూసి తల దించుకున్నాడు. డాక్టరమ్మ అతన్ని కళ్లు మూసుకోమని, కుడికాలి బొటనవేలు పట్టుకుని కిందికి వంచింది.

"ఎటు వంచాను?"

"పైకమ్మా" అన్నాడు ధీమాగా.

పైడితల్లి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

పాదాల నరాలు దెబ్బతిన్నాయనీ, కారణం పరీక్షల్లో తేలాలనీ, అందాకా బండి ముట్టుకోవద్దనీ అంది డాక్టరమ్మ.

"ఆ కాలికి బ్రేకెక్కడుందో నాను సెప్పక్కర్నేదమ్మా!" అని నాయుడు విసురుగా బయటికొచ్చాడు. ఎడమది తొడుక్కున్నాడు. కుడికాలు నా పక్కన నేలమీద ఆనించి, తొడుక్కున్నట్టే ముందుకు నడిచాడు. పిలవాలని నేనెంత తపించినా నాకు నోరు లేదు. వెనకే వచ్చిన పైడితల్లి కూడా పిలవలేదు.

"ఏటే, రావా?" మెట్ల దగ్గర వెనక్కి తిరిగాడు. ఆమె నన్నే చూస్తూ నిలబడి ఉంది. నాయుడు నన్ను చూశాడు. తర్వాత తన కాలు చూసుకున్నాడు.

జేబులోంచి వ్యాను తాళాలు తీసి ఆమె చేతిలో పెట్టాడు.

"రేపు ఏరే డ్రైవర్ని పెట్టుకోమందాం" అన్నాడు.

నన్ను తొడుక్కోలేదు. వంగి తీసుకుని, చేత్తో గట్టిగా పట్టుకుని, ఒక్కో మెట్టూ చూసుకుంటూ దిగాడు.