బోండాల కత్తి జారిందట

నేను ఒక కొబ్బరిబోండాల కత్తిని. నన్ను ఆయుధమనేవారున్నారు, అది నాకు నింద. లారీ బరువు మోసి అలసిన కమాను పట్టా నా పూర్వజన్మ. ఒక కమ్మరి నన్ను కొలిమిలో కాల్చి, సమ్మెటతో వంచి, తుమ్మకర్ర పిడి తొడిగి, నలుగురి దాహం తీర్చమని దీవించి పంపాడు. దాహార్తులకు నీరివ్వడాన్ని మించిన పుణ్యం లేదని పెద్దల మాట. ఒక ఇనుపముక్కకు అంతటి భాగ్యం చాలదా?

నన్ను కొన్నది నూకరత్నం. ఆసుపత్రి గేటు పక్కన ఆమె బోండాల బండి. జ్వరపీడితులకు, శస్త్రచికిత్స ముగిసి మొదటి గుక్క మింగేవారికి నా అంచు మీదుగానే నీరందింది. దసరా నాడు ఆమె నాకు పసుపు రాసి, కుంకుమ పెట్టి, చేతులు జోడించేది. ఆ మొక్కును నేను నమ్మాను.

ఆమె కొడుకు లోవరాజు ఇంటర్మీడియట్ చదువుతున్నాడు. వాడి పుస్తకాలు, బట్టలు, చివరికి సినిమా టికెట్లు కూడా నా కష్టమే. మనుషులు తమను పోషించేదాన్ని పనిముట్టంటారు, భ్రమింపజేసేదాన్ని దేవుడంటారు. ఆ ఏడు వచ్చిన ఒక సినిమాలో కథానాయకుడు నావంటి కత్తితో శత్రువుల తలలు కొట్టి, అదే కత్తితో, కనీసం కిందికి చూడనైనా చూడకుండా, పుట్టినరోజు కేకు కోశాడట. తెరమీది కత్తి అట్టముక్క, నెత్తురు రంగునీళ్లు. తెగిపడినవాడు సాయంత్రానికి లేచి ఇంటికి పోతాడు. ఇది లోవరాజుకూ తెలుసు. తెలిసినా, కన్ను పదేపదే చూసినదాన్ని చెయ్యి నేర్చుకుంటుంది. ఆ తర్వాత మా వీధి కుర్రకారులో కత్తితో కేకు కోయనివాడిది పుట్టినరోజే కాకుండా పోయింది.

లోవరాజు వంతు వచ్చింది. సాయంత్రం స్నేహితులు బండి దగ్గరికే కేకు తెచ్చారు. దాన్ని రెండు చేతులా పట్టుకున్నవాడు నానాజీ. గుడిలో సన్నాయి ఊదే విద్వాంసుడి కొడుకు; తండ్రి వద్ద ఆ విద్యే నేర్చుకుంటున్నాడు.

"అది అన్నం పెట్టే కత్తిరా. ప్లాస్టిక్‌ది ఇచ్చేరు కదా, దాంతో కొయ్యి," అంది నూకరత్నం.

"ఒక్క షాటేనే అమ్మా. నీ బండి కూడా ఫేమస్సయిపోద్ది."

"ఇచ్చెయ్యత్తా," అని నానాజీ నవ్వాడు. "మీవోడు బోండం కొట్టమంటే ఏలు కోసుకుంటాడు. ఈ పూటన్నా హీరో అవనీ."

ఆ వెక్కిరింతకు తల్లి కూడా నవ్వి, నన్ను ఇచ్చింది. ఎవరో ఫోను ఎత్తి పట్టారు. లోవరాజు నన్ను తలచుట్టూ తిప్పి, కథానాయకుడిలాగే ఎటో చూస్తూ దించాడు. నేను కేకు అంచు దాటి, దాన్ని మోస్తున్న వేళ్లలో దిగాను.

ఆసుపత్రి ఎదుటనే ఉండడం వల్ల ప్రాణభయం లేకపోయింది. వేళ్ల నరాలు తెగాయనీ, కుట్టినా వంగుతాయో లేదో చెప్పలేమనీ వైద్యులు అన్నారు. నూకరత్నం నన్ను కొంగున చుట్టుకొని నానాజీ మంచం పక్కనే నిలబడి ఉండగా కానిస్టేబులు వచ్చి ఏం జరిగిందని అడిగాడు.

"బోండం కొడతంటే నా చేతిలో కత్తి జారిందండి, బాబూ," అంది.

కన్నబిడ్డను కాచుకోవడం తల్లిధర్మం కావచ్చు. అయినా ఆ చేతిలో ఏనాడూ జారని నన్ను, మొక్కిన నోటితోనే దోషిని చేసింది. లోవరాజు నేల చూశాడు. నానాజీ "అవునండి" అన్నాడు.

కానిస్టేబులు వెళ్లాక నానాజీ లోవరాజును మెల్లగా అడిగాడు. "వీడియో ఎట్టేరేట్రా?"

"ఎట్టేం. నువ్వరిసింది తీసేసేం. సానామంది సూత్తన్నారు."

నొప్పితో వంకరపోయిన ఆ ముఖం వెలిగింది. ఆ వెలుగు చూసి నా ఉక్కు చల్లబడింది.

కట్లు విప్పిన ఉదయం, నానాజీ తండ్రి కొడుకును బండి పక్క బల్లమీద కూర్చోబెట్టి, సన్నాయి చేతికిచ్చాడు. నానాజీ ఊదాడు. వేళ్లు రంధ్రాలమీద వాలలేదు. గాలి వచ్చింది, స్వరం రాలేదు. తండ్రి దాన్ని తీసుకొని, ఉత్తరీయంతో తుడిచి, సంచిలో పెట్టాడు. అప్పుడు ఫోను ఎత్తి పట్టినవాడు లేడు.

ఇప్పుడు నేను పాత ఇనుము కొట్టులో విరిగిన కుర్చీల కింద పడి ఉన్నాను. తుప్పు నాకు బాధ కాదు. నన్ను ఇక్కడ అప్పగించిన రోజున కొట్టువాడు పదును వేలితో చూసి, ఇంత మంచి కత్తిని ఎందుకమ్మా వదులుకుంటున్నావని నూకరత్నాన్ని అడిగాడు.

"ఇది జారుద్దండి," అంది ఆమె. ఆ గొంతులో అబద్ధమాడేవారి తడబాటు లేదు.