పాదాల పుస్తకం

ఆయన నేల మీద మోకాలు ఆనించి, ఆ రోజు వచ్చిన తొలి పాదాన్ని కొలత పలక మీద పెట్టించాడు. చెప్పులు కొనడానికి వచ్చినావిడ కాలికి ఆయన మెడలో వేలాడుతున్న అట్టముక్క తగిలింది. చటుక్కున వెనక్కి లాక్కున్నాడు. అంతలోనే గుర్తొచ్చి, దాని మీది గళ్ళ క్యూఆర్ కోడ్ ఆవిడకు కనిపించేలా మళ్ళీ ముందుకు వేసుకున్నాడు. ఇప్పుడు చూపించాల్సింది చెప్పులు కాదు, అదే.

షాపు కొత్తగా యాప్ పెట్టింది. ఫోన్లో వేసుకుంటే చాలు, పాదాన్ని ఫోటో తీసి సైజు అదే చెబుతుంది. కొత్త మోడళ్ళు వస్తే టింగుమని కబురు పెడుతుంది. పనివాళ్ళలో ఎవరి కోడ్‌తో ఆ రోజు ఎంతమంది వేసుకున్నారో బిల్లు బల్ల పైనున్న తెర మీద పడుతుంది. వేసుకున్నవాళ్ళు తీసేస్తే ఆ అంకె తగ్గుతుంది కూడా. ఈ రోజు నెలాఖరు. మూసే వేళకు ఆయన ఇంకో ఇరవైమంది చేత వేయించకపోతే రేపటి నుంచి రానక్కర్లేదని మేనేజరు చాలా మర్యాదగా చెప్పాడు. ఆ మర్యాద చూసే అది ఉత్త బెదిరింపు కాదని ఆయనకు తెలిసింది.

షాపులో అందరికీ ఆయన కొలతల బాబాయ్. ఇరవై ఏడేళ్ళుగా ఇదే పని. పాదం చూడగానే సైజు చెప్పగలడు, అయినా కొలుస్తాడు. నొప్పులున్నవాళ్ళ చేతైతే తన నోటుబుక్కు మీద కాలు పెట్టించి, చుట్టూ పెన్సిలుతో గీత గీసి, ఎక్కడ ఒరుసుకుంటుందో రాసుకుంటాడు. పక్కన పేరు, ఫోన్ నంబరు. ఇంతకుమించి ఆయనకు మరో విద్య రాదు. యాభై ఎనిమిదేళ్ళ వయసులో ఇంకో షాపు మెట్లెక్కి పని అడిగితే ఎవరిస్తారు?

చుట్టాల ఫోన్లు ఎప్పుడో అయిపోయాయి. బావమరుదులు, వియ్యంకుడు, వియ్యంకుడి పక్కింటివాళ్ళు, ఎవరినీ వదల్లేదు. "మా అన్నయ్యకి మాత్రం ఇంక ఫోన్ చెయ్యకండి. ఆ టింగుటింగులకి పగలు కునుకు పట్టడం లేదని నన్ను తిడుతున్నాడు" అని పొద్దున భార్య ముందే చెప్పింది.

వచ్చినవాళ్ళందరినీ బతిమాలాడు. కొందరు మొహమాటానికి వేసుకుని, గుమ్మం దాటుతూనే తీసేశారు. మధ్యాహ్నానికల్లా ఆయన సిగ్గు విడిచి, రేపు పొద్దున తీసేయండి, ఈ పూటకి మాత్రం ఉంచండి అని అడగడం మొదలుపెట్టాడు. నాలుగు గంటలకు పదమూడైంది. టీ తాగి వచ్చేసరికి పదకొండు.

అప్పుడు నోటుబుక్కు తీశాడు. ఇన్నేళ్ళలో ఆ నంబర్లకు ఆయన ఫోన్ చేసింది చెప్పులు ఎలా ఉన్నాయో అడగడానికే. ఒకరు ఊరు మారారు. ఒకావిడ మోకాళ్ళు పోయి గడప దాటడం లేదట, అయినా మనవరాలి చేత వేయించుకుంది. అలా పేజీ తర్వాత పేజీ. మూయడానికి పావుగంట ఉందనగా తెర మీద పందొమ్మిది పడింది.

తర్వాతి పేజీ బస్సు డ్రైవరుది. ఏళ్ళ తరబడి బ్రేకు తొక్కీ తొక్కీ కుడిపాదం అరసైజు పెరిగింది. ఫోన్ కొడుకు ఎత్తాడు.

"నాన్న పోయారండీ. రెండు నెలలైంది. ఈ ఫోన్ ఇంకా తీసేయలేదు, ఎవరైనా చేస్తారని ఉంచాను."

"అయ్యో" అన్నాడు ఆయన. "చాలా మంచి మనిషి బాబూ."

అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. కానీ కళ్ళు గడియారం మీదికి పోయాయి.

"పోనీ, ఆ ఫోన్లో మా యాప్ వేసుకుంటారా? ఈ ఒక్కరోజుకే."

 "పంపండి" అన్నాడు కొడుకు.

తన కోడ్ ఉన్న లింకు పంపాడు. తెర మీద ఇరవై పడింది. "గండం గట్టెక్కావు బాబాయ్" అంది బిల్లు రాసే అమ్మాయి. ఆయన స్టూలు మీద కూలబడ్డాడు. యాప్ తెరవగానే మొట్టమొదట అడిగేది పాదం ఫోటో అని అప్పుడు గుర్తొచ్చింది. చచ్చిపోయిన మనిషి ఫోన్ పట్టుకుని కొడుకు ఆ మాట చదువుతూ ఉంటాడు. ఆయనకు ఒళ్ళంతా సిగ్గుతో మండిపోయింది.

అంకె పందొమ్మిదైంది.

ఆయన మళ్ళీ ఫోన్ చేయలేదు. ఇంకా పది నిమిషాలుంది, నోటుబుక్కులో ఇంకా పేజీలున్నాయి. మెడలోని అట్టముక్క తీసి కొక్కేనికి తగిలించాడు. కొలత పలకను గుడ్డతో తుడిచి దాని చోట పెట్టాడు. తన పాత చెప్పులు తొడుక్కుని గుమ్మం వైపు నడుస్తుంటే, పుస్తకం మర్చిపోయావని ఆ అమ్మాయి గుర్తుచేసింది.

"ఉండనీ అమ్మా. దగ్గరుంటే ఇంకెవరికి ఫోన్ చేస్తానో, నా మీద నాకే నమ్మకం లేదు."

షట్టరు సగం దిగింది. ఖాళీ స్టూలు మీద నోటుబుక్కు తెరిచే ఉంది. అందులో పెన్సిలుతో గీసిన ఒక కుడిపాదం, దాని చిటికెన వేలి పక్కన ఆయన గుండ్రటి రాత: ఇక్కడ నొప్పి, కాస్త వదులుగా ఉండాలి.